గడ్డి రన్‌వే: పైన పచ్చదనం కాదు, కింద నేల చూడండి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. డెబ్బై గంటలు ఎగిరారు, అన్నీ తారు రన్‌వేల మీదే. ఇప్పుడు ఇంగ్లండ్‌లో అన్నయ్య ఉంటున్న ఊరి దగ్గర క్లబ్‌లో ఇన్‌స్ట్రక్టర్‌తో సెస్నా 152 అనే రెండు సీట్ల చిన్న విమానం మీద ఇంకొన్ని గంటలు ఎగరాలనుకుంటున్నారు. అక్కడ ఉన్నది 700 మీటర్ల గడ్డి రన్‌వే ఒక్కటే. గడ్డి మీద విమానం తొందరగా ఆగుతుందా, ఆలస్యంగా ఆగుతుందా, చేతిలో పద్ధతి ఏం మారుతుంది అని అడిగారు. గుంటూరులో నాన్నగారు "పొలంలో విమానం దింపడమేమిటి" అని టెన్షన్ పడుతున్నారని రాశారు. చివర్లో, మన వైపు ఇలాంటి రన్‌వే ఒకటి ఎందుకు వేసుకోకూడదు అన్నారు. అన్నింటికీ నాకు తెలిసినంత చెబుతాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

నేను ఇరవై రెండేళ్లుగా చిన్న విమానాలు నడపడం నేర్పుతున్నాను. తారు, సిమెంటు, గడ్డి, ఎర్రమట్టి అన్నింటి మీదా దిగాను. మాది ప్రత్తిపాడు దగ్గర పల్లె. నల్లరేగడి పొలాల్లో పెరిగినవాణ్ణి. వాన పడ్డ మర్నాడు మా చేలో గట్టు పక్కన పచ్చగా, గట్టిగా ఉన్నట్టే కనిపించేది. కాలు పెడితే చెప్పు అక్కడే ఉండిపోయేది. పైనున్న పచ్చదనం కింద నేల గురించి ఏమీ చెప్పదని నాకు అప్పటి నుంచే తెలుసు. దాని విలువ మాత్రం విమానం ఎక్కాకే తెలిసింది. అందుకే ఎవరైనా "గడ్డి మంచిదా, తారు మంచిదా" అని అడిగితే, "ఆ గడ్డి కింద నేల ఈ రోజు ఎలా ఉంది" అని తిరిగి అడుగుతాను.

ముందు నాన్నగారి సంగతి. గడ్డి రన్‌వే అంటే దున్నిన పొలం కాదని ఆయనకు చెప్పండి. నేలను చదును చేస్తారు, రోలర్ తిప్పుతారు, నీళ్లు నిలవకుండా వాలు పెడతారు, గడ్డిని ఎప్పటికప్పుడు కోస్తారు. ఇంగ్లండ్‌లో ఇది చాలా మామూలు విషయం. కేంబ్రిడ్జ్ దగ్గర డక్స్‌ఫర్డ్‌లో తారు రన్‌వే, దాని పక్కనే గడ్డి రన్‌వే రెండూ ఉన్నాయి. వెనక చక్రం ఉండే పాతకాలపు విమానాలు నడిపేవాళ్లకు గడ్డి అంటే ఇష్టం. కారణం తర్వాత చెబుతాను. మంచి గడ్డి రన్‌వే మీద దిగడం ప్రమాదం కాదు. తారు రన్‌వేకి వేసిన లెక్కతోనే గడ్డి మీద దిగడం ప్రమాదం.

ఆ లెక్క దగ్గరికి వద్దాం. మీకు అసలు పనికొచ్చేది ఇదే.

సెస్నా 152 మాన్యువల్ చూడండి. పూర్తి బరువుతో, సముద్రమట్టం దగ్గర, 15 డిగ్రీల వేడిలో, గాలి లేనప్పుడు, పొడి తారు మీద నేల విడవడానికి 725 అడుగులు, అంటే 221 మీటర్లు చాలు. 50 అడుగుల ఎత్తు అందుకునేసరికి మొత్తం 1,340 అడుగులు, అంటే 408 మీటర్లు అవుతుంది. దిగేటప్పుడు 50 అడుగుల ఎత్తు నుంచి ఆగేదాకా 1,200 అడుగులు, 366 మీటర్లు. అందులో నేల మీద పరుగు 145 మీటర్లే. ఇవి కొత్త విమానంతో, ఆరితేరిన పైలట్ సాధించిన అంకెలు. మన చేతిలో ఉండే నలభై ఏళ్ల విమానం, మన చేయి ఇంత బాగా చేస్తాయని అనుకోకూడదు.

పొడి గడ్డి అయితే టేకాఫ్‌లో నేల మీది పరుగుకు 15 శాతం, ల్యాండింగ్‌లో నేల మీది పరుగుకు 45 శాతం కలపమని అదే మాన్యువల్ చెబుతుంది. ఈ రెండో అంకె దగ్గర ఒక్క క్షణం ఆగండి. గడ్డి చక్రాన్ని పట్టుకుంటుంది కాబట్టి విమానం తొందరగా ఆగాలి కదా అని అందరూ అనుకుంటారు. నేనూ అనుకున్నాను. టేకాఫ్‌లో గడ్డి పట్టుకునే మాట నిజమే, అందుకే పరుగు పెరుగుతుంది. ల్యాండింగ్‌లో విమానాన్ని ఆపేది మాత్రం ముఖ్యంగా గడ్డి రాపిడి కాదు, బ్రేకు. బ్రేకు పనిచేయాలంటే టైరుకు నేల మీద పట్టు ఉండాలి. తారు మీద రబ్బరుకు దొరికే పట్టు గడ్డి మీద దొరకదు. గడ్డి వల్ల వచ్చే చిన్న లాభం కన్నా, బ్రేకు పట్టు తగ్గి వచ్చే నష్టం చాలా పెద్దది. అందుకే గడ్డి మీద పైకి ఎక్కేటప్పుడూ ఎక్కువ దూరం కావాలి, దిగేటప్పుడూ ఎక్కువ దూరం కావాలి.

మాన్యువల్ పొడి గడ్డి గురించి చెప్పి ఊరుకుంటుంది. తడి గడ్డికి బ్రిటన్ సివిల్ ఏవియేషన్ అథారిటీ చిన్న విమానాల పైలట్ల కోసం ఇచ్చిన గుణకాలు వాడాలి. మీరు ఎగరబోయేది ఆ దేశంలోనే కాబట్టి వాటిని నోటికి తెచ్చుకోండి. 50 అడుగుల దాకా అయ్యే మొత్తం దూరాన్ని పొడి గడ్డికి టేకాఫ్‌లో 1.2తో, తడి గడ్డికి 1.3తో గుణించాలి. ల్యాండింగ్‌లో పొడి గడ్డికి 1.15, తడి గడ్డికి 1.35. గడ్డి చాలా పొట్టిగా కోసి, కింద నేల గట్టిగా ఉండి, పైన తడిగా ఉంటే ఇంకా జారుతుంది, దూరం 60 శాతం దాకా పెరగవచ్చు. ప్రతి 10 డిగ్రీల అదనపు వేడికి టేకాఫ్ 1.1, ల్యాండింగ్ 1.05. బరువు పది శాతం పెరిగితే టేకాఫ్ 1.2, ల్యాండింగ్ 1.1. నేల విడిచే వేగంలో పదో వంతు వెనక గాలి ఉంటే రెండింటికీ 1.2. వీటిని ఒకదాని మీద ఒకటి గుణించాలి, కూడకూడదు. చివర్లో భద్రత కోసం టేకాఫ్‌కి 1.33, ల్యాండింగ్‌కి 1.43.

ఇప్పుడు మీ 700 మీటర్లకు వేసి చూద్దాం. పూర్తి బరువు, గాలి లేదు, 15 డిగ్రీలు. తారు మీదైతే టేకాఫ్ 408 ఇంటూ 1.33, అంటే 543 మీటర్లు. నిశ్చింతగా వెళ్లవచ్చు. పొడి గడ్డి మీద 651. ఇదీ ఫర్వాలేదు. పొడి గడ్డి ఉండి, ఎండాకాలం మధ్యాహ్నం 25 డిగ్రీలుంటే 716. రన్‌వే దాటిపోయింది! ఉదయం చల్లగా 15 డిగ్రీలే ఉన్నా, గడ్డి తడిగా ఉంటే 705. అదీ దాటింది. ల్యాండింగ్ చూడండి: తారు మీద 523, పొడి గడ్డి మీద 602, తడి గడ్డి మీద 707, పొట్టిగా కోసిన తడి గడ్డి మీద 837.

అంటే ఆ రన్‌వే మీకు పనికిరాదని కాదు. మీరు ఒక్కరే, ట్యాంకు సగం నింపుకుని వెళితే బరువు కనీసం పది శాతం తగ్గుతుంది. అప్పుడు ఆ 716 దాదాపు 600కి దిగుతుంది. ఎదురుగాలి ఉంటే ఇంకా మంచిది. కానీ ఇన్‌స్ట్రక్టర్‌తో ఇద్దరూ కూర్చుని, ఫుల్ ట్యాంకుతో, గాలి లేని వేడి మధ్యాహ్నం వెళ్లాలంటే ఆ రోజు మానేయడమే లేదా ఇంధనం తగ్గించుకోవడమే. తారు రన్‌వే మీద నేర్చుకున్న మనకు ఈ అలవాటు ఉండదు. గన్నవరం రన్‌వే 3,360 మీటర్లు. అలాంటి చోట చిన్న విమానం మూడుసార్లు ఎక్కి దిగినా ఇంకా మిగులుతుంది, కాబట్టి ఎవరూ లెక్క వేయరు. 700 మీటర్ల గడ్డి మీద ప్రతి రోజూ, ప్రతి ఎగురుడుకూ కాగితం మీద లెక్క వేయాల్సిందే.

తడి గడ్డి మీద ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. చాలా ఏళ్ల క్రితం బయటి దేశంలో ఒక చిన్న క్లబ్ రన్‌వే మీద పొద్దున్నే దిగాను. ఆకాశం తేటగా ఉంది. మూడు రోజులుగా చినుకు లేదు. పొడి గడ్డి లెక్క వేసుకుని వచ్చాను. వేగం సరిగ్గానే ఉంది, తాకిన చోటూ సరైందే. బ్రేకు తొక్కగానే చక్రాలు తిరగడం ఆగిపోయాయి, విమానం మాత్రం ఆగలేదు. రాత్రి పట్టిన మంచు తడి గడ్డి మీద ఉందని అప్పుడు గుర్తొచ్చింది. బ్రేకు వదిలి, మళ్లీ మెల్లగా నొక్కి, వదిలి, నొక్కి, చివరి కంచెకు పది పన్నెండు అడుగుల దూరంలో ఆగాను. కిందికి దిగి వెనక్కి చూస్తే, మంచు తుడిచిపెట్టుకుపోయి రెండు నల్లటి చారలు పొడుగునా కనిపించాయి. ఆ తప్పు పూర్తిగా నాదే. సంక్రాంతి రోజుల్లో మన ఊళ్లో తెల్లవారుజామున గడ్డిలో నడిస్తే మోకాళ్ల దాకా పంచె తడిసిపోతుంది. అది చిన్నప్పటి నుంచి తెలిసినవాణ్ణి, విమానంలో కూర్చోగానే మర్చిపోయాను. మీరు వెళ్లే దేశంలో వేసవిలోనూ పొద్దున పూట మంచు తడి ఉంటుంది. వాన రాలేదు కాబట్టి పొడి అనుకోకండి. వెళ్లి అరచేత్తో తడిమి చూడండి.

ఇక చేతిలో ఏం మారుతుందో చెబుతాను. టేకాఫ్ కన్నా ముందు ట్యాక్సీ, అంటే నేల మీద విమానాన్ని నడిపించుకెళ్లడం. గడ్డి మీద ఆగితే మళ్లీ కదిలించడానికి చాలా పవర్ కావాలి, మెత్తటి నేలయితే చక్రాలు దిగబడతాయి. అందుకని యోక్, అంటే ముక్కును ఎత్తి దించే చేతిపిడి, పూర్తిగా వెనక్కి లాగి పట్టుకుని, ముందు చక్రం మీద బరువు తగ్గించి, నెమ్మదిగా అయినా ఆగకుండా కదులుతూ ఉండాలి. ఇంజిన్ రన్-అప్, అంటే ఎగిరే ముందు పవర్ పెంచి చేసే పరీక్ష, గట్టి నేల మీద గానీ, శుభ్రంగా కోసిన గడ్డి మీద గానీ చేయండి, లేకపోతే రాళ్లు లేచి ప్రొపెల్లర్‌కి తగులుతాయి. మలుపులో ఒక చక్రానికి బ్రేకు వేసి విమానాన్ని అక్కడికక్కడే తిప్పకండి. ఆ చక్రం నేలలో గుంట తవ్వుతుంది, పక్కబలం చక్రాల కాళ్ల (గేర్) మీద పడుతుంది. వెడల్పుగా తిప్పుకోండి.

రన్‌వే మీదికి వచ్చాక ఆగకుండానే పవర్ ఇవ్వండి. 152కి ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి దించే పలకలు) 10 డిగ్రీలు. యోక్ వెనక్కే ఉంటుంది, కాబట్టి ముందు చక్రం తొందరగా తేలుతుంది. తేలగానే కొంచెం ముందుకు వదలాలి. లేకపోతే ముక్కు మరీ ఎత్తుగా లేచి, తోక నేలకు తగిలే ప్రమాదం ఉంది. అలా ముక్కు తేలికగా పెట్టుకుని పరిగెత్తిస్తే, మామూలు వేగం కన్నా తక్కువలోనే విమానం నేల విడుస్తుంది. ఇక్కడే అసలు పరీక్ష. విమానం లేచింది కదా అని పైకి లాగకండి. నేలకు దగ్గరగా, రెక్కల పొడవు కన్నా తక్కువ ఎత్తులో ఉన్నప్పుడు రెక్కకు డ్రాగ్, అంటే గాలి వెనక్కి లాగడం, తగ్గుతుంది. దాన్నే గ్రౌండ్ ఎఫెక్ట్ అంటారు. 152 రెక్కల పొడవు దాదాపు 10 మీటర్లు. నాలుగైదు అడుగుల ఎత్తులోనే ముక్కు మెల్లగా దించి, నేలకు సమాంతరంగా వెళుతూ వేగం పెంచుకుని, క్లైమ్ వేగం వచ్చాకే పైకి వెళ్లండి. ఆ వేగం రాకుండా పైకి లాగితే గ్రౌండ్ ఎఫెక్ట్ పోతుంది, విమానం మళ్లీ కిందికి కూలబడుతుంది. ఈ ఒక్క ముక్క చేతికి వచ్చేదాకా ఇన్‌స్ట్రక్టర్ లేకుండా గడ్డి మీద టేకాఫ్ చేయకండి.

ఇంకొక సంగతి. పరుగులో ఏదో మెరక తగిలి విమానం గాల్లోకి ఎగరవచ్చు, ఇంకా ఎగిరే వేగం వచ్చి ఉండదు. కంగారులో యోక్ ముందుకు తోయకండి. ముందు చక్రం నేలకు గుద్దుకుంటుంది, ప్రొపెల్లర్ కొన నేలకు తగులుతుంది. ముక్కును ఉన్న చోటే పట్టుకుని, రెక్కలు సమంగా ఉంచితే అదే సర్దుకుంటుంది.

టేకాఫ్ మానాలా వద్దా అనేది ముందే తేల్చుకోండి. రన్‌వే మధ్యలో ఒక గుర్తు పెట్టుకోండి, చెట్టో, గాలిసంచీయో. అక్కడికి చేరేసరికి నేల విడిచే వేగంలో 70 శాతం రావాలి. 152కి ఆ వేగం 50 నాట్‌లు (గంటకు దాదాపు 93 కిలోమీటర్లు) అనుకుంటే మధ్యలోకి వచ్చేసరికి 35. రాకపోతే త్రాటిల్ వెనక్కి లాగి పవర్ తీసేయడమే, ఇంకొంచెం చూద్దాం అనుకోవద్దు. గడ్డి మీద ఈ గుర్తు తారు మీద కన్నా ముఖ్యం. ఎందుకంటే నేల ఎంత మెత్తగా ఉందో కాగితం మీది లెక్కకు తెలియదు, ఆ 35 చెబుతుంది.

దిగేటప్పుడు మెయిన్ చక్రాలు ముందు మెత్తగా తాకాలి, ముందు చక్రం వీలైనంతసేపు గాల్లోనే ఉండాలి. నేల మెత్తగా ఉంటే కొంచెం పవర్ ఉంచుకుని తాకండి. తాకాక యోక్‌ని వదిలేయడం చాలామంది చేసే తప్పు. దాన్ని మెల్లగా పూర్తిగా వెనక్కి తెచ్చి అక్కడే పట్టుకోవాలి. బ్రేకు అవసరం లేకుండా ఆగేలా ముందే ప్లాన్ చేసుకోవాలి. తారు మీద రెండు చక్రాలు తాకగానే ల్యాండింగ్ అయిపోయినట్టు అనిపిస్తుంది. గడ్డి మీద పార్కింగ్ దాకా అవదు.

ఫ్లేర్, అంటే తాకే ముందు ముక్కు ఎత్తి దిగుడు తగ్గించడం, దాని అంచనాకూ కొంచెం అలవాటు కావాలి. గన్నవరంలా 45 మీటర్ల వెడల్పు రన్‌వేలకు అలవాటైన కంటికి, సన్నటి రన్‌వే చూడగానే తాను చాలా ఎత్తులో ఉన్నట్టు అనిపిస్తుంది. దాంతో తెలియకుండానే కిందికి వచ్చేస్తారు. పైగా గడ్డికి తెల్లగీతలు, అంచు లైట్లు చాలాచోట్ల ఉండవు, అప్రోచ్ ఎత్తు చెప్పే పాపి లైట్లూ ఉండవు. మొదటి రోజు ముందు దిగకుండా, రెండు మూడుసార్లు తక్కువ ఎత్తులో రన్‌వే మీదుగా వెళ్లి గో అరౌండ్ చేయండి, అంటే మళ్లీ పైకి ఎక్కేయండి. కంటికి ఆ వెడల్పు అలవాటవుతుంది.

తారు రన్‌వేకి దాని ఇబ్బందులు దానికి ఉన్నాయి, అవి కూడా చెప్పాలి. మన దగ్గర జడివానలో తారు మీద నీళ్లు నిలుస్తాయి. ఆ నీళ్ల మీద టైరు తేలడాన్ని హైడ్రోప్లేనింగ్ అంటారు. టైరు పీడనం (పీఎస్ఐ, అంటే చదరపు అంగుళానికి పౌండ్లు) వర్గమూలాన్ని 9తో గుణిస్తే, ఏ వేగంలో తేలుతుందో నాట్‌లలో సుమారుగా వస్తుంది. 29 పీఎస్ఐ గాలి ఉన్న టైరుకు అది 48 నాట్‌లు. చిన్న విమానాలు తాకే వేగం దాని దగ్గర్లోనే ఉంటుంది. చిన్న విమానానికి ఆ బాధ లేదనుకోవడం పొరపాటు. మరొకటి మన ఎండ. ఏప్రిల్ మధ్యాహ్నం పచ్చటి వరి పొలాల మీదుగా ఫైనల్‌లో, అంటే రన్‌వేకి నేరుగా చివరి దిగుడులో, వస్తుంటే విమానం కిందికి దిగుతూ ఉంటుంది. కాలిపోతున్న రన్‌వే మీదికి రాగానే పైకి లేచే వేడిగాలి పట్టుకుంటుంది. దిగదు, తేలుతూనే ఉంటుంది. గడ్డి మీద ఇది తక్కువ.

వెనక చక్రం విమానాల సంగతి ఇప్పుడు చెబుతాను. వాటికి బరువు మెయిన్ చక్రాల వెనక ఉంటుంది. కొంచెం వంకరగా తాకితే తోక ముందుకు రావాలని చూస్తుంది, విమానం గిర్రున తిరిగిపోతుంది. తారు మీద టైరు నేలను గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి ఆ తిప్పుడు ఒక్కసారిగా వస్తుంది. గడ్డి మీద టైరు పక్కకు కొంచెం జారి, తప్పును కొంత మన్నిస్తుంది. పక్కగాలిలో మీ 152కి కూడా ఈ మేలు కొంత ఉంటుంది. టైర్లూ తక్కువ అరుగుతాయి. చక్రాలకు తొడుగులు ఉంటే మాత్రం తడి కాలంలో తీయించండి. బురద, గడ్డి వాటిలో చిక్కుకుని చక్రాన్ని బిగించేస్తాయి.

ఇప్పుడు నేల. కొత్త గడ్డి రన్‌వేకి వెళ్లిన ప్రతిసారీ, వీలైతే, పొడుగునా నడవండి. సిగ్గుపడకండి, అక్కడి మంచి పైలట్లందరూ నడుస్తారు. గడ్డి ఎత్తు చక్రం వ్యాసంలో 30 శాతం లోపే ఉండాలి. 152 మెయిన్ చక్రానికి అది దాదాపు 13 సెంటీమీటర్లు. మడమతో గట్టిగా తొక్కండి. గుంట పడి నీళ్లు ఊరితే ఆ చోటు గుర్తు పెట్టుకోండి. గడ్డి రంగు మారిన చోట ఆగి చూడండి. మన రైతులకు తెలిసిన విషయం ఒకటి అక్కడా పనికొస్తుంది: తుంగ మొలిచిందంటే అక్కడ నీళ్లు నిలుస్తాయి. అక్కడి గడ్డి పేర్లు వేరు కావచ్చు, కానీ చుట్టూ ఒక రకం గడ్డి ఉండి మధ్యలో ఒక మడి ముక్కలో వేరే రకం దట్టంగా ఉంటే, ఆ కింద నీరుందనే అర్థం. కుందేళ్ల బొరియలు చూసుకోండి. మన దగ్గరైతే పందికొక్కు కలుగులు, చీమల పుట్టలు చూడాలి.

మీ చివరి ప్రశ్న, మన వైపు ఎందుకు వేసుకోకూడదు అనేది, నేను చాలాసార్లు ఆలోచించాను. ఒకసారి మా పొలంలోనే కొలిచి చూశాను. అనుమతుల సంగతి పక్కన పెట్టి నేల మాటే మాట్లాడతాను.

మన గుంటూరు నల్లరేగడికి ఒక స్వభావం ఉంది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలు విడుస్తుంది. మే నెలలో పొలంలో పడే నెర్రెల్లో పసివాళ్ల చెయ్యి మణికట్టు దాకా పోతుంది. విమానం ముందు చక్రం అలాంటి నెర్రెకు అడ్డంగా తగిలితే ఏమవుతుందో ఊహించుకోండి. జూన్‌లో వాన పడిందా, అదే నేల బంకగా మారి ట్రాక్టర్‌ని కూడా కదలనివ్వదు. ఆ బురద చక్రానికి అంటుకుంటే ఊడదు. డిసెంబరు దాకా తుపాన్ల భయం ఉంటుంది. డిసెంబరు, జనవరిలో పొద్దున మంచు. రైతు విత్తనానికి పదును చూసుకున్నట్టే మనమూ నేల పదును చూసుకుంటే, ఫిబ్రవరి నుంచి మార్చి ఆఖరు దాకా నిశ్చింతగా వాడుకోవచ్చు. మిగతా సంవత్సరమంతా ప్రతి రోజూ సందేహమే.

ఎండ లెక్క దీనికి అదనం. ఏప్రిల్, మేలలో 44 డిగ్రీలున్న మధ్యాహ్నం, సముద్రమట్టానికి దగ్గరగా ఉన్నా, విమానానికి గాలి దాదాపు 3,500 అడుగుల ఎత్తులో ఉన్నంత పలుచగా ఉంటుంది. ప్రతి డిగ్రీకి సుమారు 120 అడుగులు అని గుర్తు పెట్టుకోండి. ఇందాకటి 152నే పూర్తి బరువుతో పొడి గడ్డి మీద పెడితే టేకాఫ్‌కి భద్రతతో కలిపి దాదాపు 860 మీటర్లు కావాలి. ఇంగ్లండ్‌లో 700 మీటర్లతో సరిపెట్టుకునే క్లబ్, ఇక్కడ కనీసం 900 చూసుకోవాలి.

ఇది మన ఒక్కరి ఇబ్బంది కాదు, మన దేశ విమానయానం మొదలైన రోజుల నుంచీ ఉంది. 1932లో జేఆర్‌డీ టాటా కరాచీ నుంచి టపా తెచ్చి జుహూలో దిగినప్పుడు అది ఒక మట్టి మైదానం. వర్షాకాలం వచ్చేసరికి ఆ మైదానం నీళ్లలో మునిగేది. అందుకని విమానాలను పూణేకి మార్చుకుని నడిపేవారు. వానల్లో పనికొచ్చే నేల ఎక్కడుందో వెతుక్కోవడం అప్పుడూ తప్పలేదు, ఇప్పుడూ తప్పదు. మన వైపు కొరిశపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీద అత్యవసర రన్‌వే కట్టారు కదా, 2024 మార్చిలో వాయుసేన విమానాలతో దాని మీద పరీక్షలు చేశారు. దాని పొడవు 4.1 కిలోమీటర్లు. అలాంటి గట్టి రన్‌వే కట్టాలంటే నల్లరేగడి మీద నేరుగా వేయరు. కింద గట్టి పునాది పోసి, దాని మీద కడతారు. చిన్న గడ్డి రన్‌వేకి అంత అక్కర్లేదు గానీ ఆ సూత్రం మాత్రం అదే.

నా అంచనా ఇది. నల్లరేగడిలో వేయాలంటే పైమట్టి కొంత తీసి గ్రావెల్, ఎర్రమట్టి పోసి, మధ్యలో మెరకగా, రెండు పక్కలా కాలువలు పెట్టి, గరిక పరచాలి. ఖర్చు గట్టిగానే ఉంటుంది. అంతకన్నా నూజివీడు వైపు ఎర్రనేలలు మేలు, వాన నీళ్లు తొందరగా ఇంకిపోతాయి. బాపట్ల తీరం ఇసుక నేలల్లో కూడా నీళ్లు నిలవవు, కానీ పొడి ఇసుకలో చక్రం దిగబడుతుంది. గరిక బాగా అల్లుకున్నాకే అది పనికొస్తుంది. ఎకరాల లెక్కలో చూస్తే 900 మీటర్ల పొడవు, అంచులతో కలిపి 60 మీటర్ల వెడల్పు తీసుకుంటే పదమూడు ఎకరాల పైచిలుకు. మన దగ్గర పదమూడు ఎకరాలు ఒకే గట్టు మీద, తీగలూ చెట్లూ లేకుండా దొరకడమే అన్నిటికన్నా కష్టం.

గడ్డి మీద దిగడం ఇక్కడ అలవాటు లేకపోయినా మీకు ఆ నేర్పు ఇక్కడే ఎక్కువ అక్కరకొస్తుందని నాకు గట్టిగా అనిపిస్తుంది. కృష్ణా డెల్టా మీద ఇంజిన్ ఆగితే మీరు దిగాల్సింది పొలంలోనే. నిలబడ్డ పైరు, నీళ్లున్న మడి కన్నా కోత అయిపోయిన ఎండు మడి మేలు. గట్లకు అడ్డంగా కాకుండా వాటి వెంట దిగాలి. ముందు చక్రం ఎత్తి పట్టుకోవడం, తక్కువ వేగంలో తాకడం, బ్రేకు మీద ఆధారపడకపోవడం, పై నుంచే నేల రంగు చూసి తడి ఎక్కడుందో పోల్చడం, ఇవన్నీ గడ్డి రన్‌వే నేర్పేవే. అందుకే ఆ క్లబ్‌కి వెళ్లమనే నా సలహా.

వెళ్లే ముందు మీ బరువు, ఇన్‌స్ట్రక్టర్ బరువు, ఆ విమానం ఖాళీ బరువు, రన్‌వే రెండు చివర్ల ఎత్తులు కనుక్కుని ఇక్కడే రాయండి. వాలు, బరువు కూడా కలిపి లెక్క మళ్లీ వేద్దాం. మొదటి ఉదయం గడ్డి తడిగా ఉంటే ఎండ వచ్చి ఆరేదాకా, అది పదకొండైనా సరే, ఆగండి. ఆ రోజు గంటలు తగ్గినా ఫర్వాలేదు, నాన్నగారికి నేను ఫోన్ చేసి చెబుతాను.